బురద పొలముల నుండి చెరకు తోలుట – లారీలు, ట్రాక్టర్లు నడపవలసిన పద్ధతులు

చెరకు నరకుట నవంబరు, డిసెంబరు నెలలలో ప్రారంభమై మార్చి, ఏప్రిల్ వరకు సాగును. కోస్తా జిల్లాలలో ఈ కాలపు తొలి భాగము తుపానుల కాలము కూడ. ఫ్యాక్టరీ నుండి కటింగు ఆర్డరు చేతికి వచ్చిన తరువాత వాన పట్టుకొనుట, నరికిన చెరకు పొలములో తడియుచుండగా దానిని ఎత్తుకొన్న లారీ ఇరుసుల వరకు దిగబడుట రైతులకు క్రొత్త సంగతి కాదు. అట్టి సమయమున కంగారుపడి చేయు పనుల వలన మూడు విధముల నష్టము కలుగును. చెరకులోని చక్కెర తగ్గును. నేల గట్టిపడి కార్శి తోట దెబ్బతినును. ఒక్కొక్కప్పుడు ట్రాక్టరు తిరుగబడి తోలువాని ప్రాణమే పోవును. మొదటి రెండు నష్టములను చాలవరకు తగ్గించుకొనవచ్చును. మూడవ దానిని పూర్తిగా తప్పించుకొనవచ్చును. ఇందుకు మీరు చేయవలసిన పనులు ఈ దిగువ వివరింపబడినవి.

నష్టము ఎట్లు కలుగును?

నరికిన చెరకు గడలో తీపి నిలువ ఉండదు. నరికినది మొదలు గడలోని చక్కెర గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవుచుండును. వీటి నుండి పంచదార పలుకు కట్టదు. పైగా గడ ఎండి తూకము తగ్గును. గడకు బురద అంటినచో నష్టము ఇంకను హెచ్చును. మట్టిలో ఉండు ల్యూకొనోస్టాక్ అను సూక్ష్మజీవి కోసిన మొనల గుండా, చీలికల గుండా గడలో ప్రవేశించి రసమును జిగురుగా మార్చును. ఆ జిగురు వలన ఫ్యాక్టరీలో రసము వడకట్టుట, పలుకు కట్టుట కష్టమగును. బెల్లము వండువారికి కూడ బురద గడల వలన బెల్లము రంగు చెడును. కనుక నరికిన చెరకు 24 గంటలలో ఫ్యాక్టరీకి గాని గానుగకు గాని చేరునట్లు చూచుకొనవలెను.

ఇక నేల సంగతి. మంచి నేలలో మట్టి రేణువుల మధ్య సన్నని సందులు ఉండును. వేరు ఈ సందులలోనే పారును. నీరు, గాలి వీటిలోనే నిలుచును. పొడి నేల బరువును ఓర్చుకొనగలదు. తడి నేలలో రేణువులు ఒకదానిపై ఒకటి జారి ఈ సందులు మూసుకొనిపోవును. ఇందులో రెండు సూత్రములను గుర్తుంచుకొనవలెను. పై పొర ఎంత గట్టిపడునను విషయము టైరులోని గాలి ఒత్తిడిపై ఆధారపడును. లోపలి పొర ఎంత లోతు వరకు గట్టిపడునను విషయము ఇరుసుపై పడు మొత్తము బరువుపై ఆధారపడును. వెడల్పు టైర్లు వేసిన మాత్రమున లోపలి పొరకు రక్షణ కలుగదు. బరువును కూడ తగ్గించవలెను.

2018 లో సవరించిన నియమముల ప్రకారము రెండు ఇరుసుల లారీ సరుకుతో సహా 18.5 టన్నులు ఉండవచ్చును. అందులో నాలుగు టైర్లున్న వెనుక ఇరుసుపై 11.5 టన్నుల వరకు పడవచ్చును. ఇది తారు రోడ్డుకు ఏర్పరచిన పరిమితి. తడి పొలములో ఒక ఇరుసుపై 10 టన్నులు పడినచో ఆ ఒత్తిడి రెండు అడుగుల లోతు వరకు దిగును. మన నాగళ్లు అంత లోతుకు పోవు. రేగడి నేలలు ఎండకు నెఱ్ఱెలిచ్చి, వానకు ఉబ్బి కొంతవరకు తమంతట తామే గుల్లబారును. గరప నేలలకు, ఒండ్రు నేలలకు ఆ గుణము తక్కువ. అట్టి నేలలలో లోతున ఏర్పడిన గట్టి పొర కొన్ని సంవత్సరముల వరకు ఉండిపోవును.

నిలిచిన చెరకు ఆగును, నరికిన చెరకు ఆగదు

వాన సూచన ఉన్నప్పుడు చాలమంది రైతులు, త్వరగా నరికివేసిన పని తీరునని తలచి మరికొందరు కూలీలను పెట్టి నరికింతురు. ఇది పొరపాటు. వేళ్లపై నిలిచియున్న చెరకు కొన్ని దినములు ఆగినను చెడదు. నరికి బురదలో పడవేసిన చెరకు ప్రతి పూటకు చెడుచుండును. కనుక వాన వచ్చునప్పుడు మొట్టమొదట ఆపవలసినది కత్తి. ఆ దినమున బండి కట్టగలిగినంత చెరకే ఆ దినమున నరకవలెను. లారీ వచ్చి రోడ్డుపై నిలిచినదని తెలిసిన తరువాతనే నరుకుడు ముఠాను తోటలో దింపుట మేలు. కటింగు ఆర్డరు గడువు దాటునను భయమున్నచో, తోట తడిసి ఉన్న సంగతిని ఫ్యాక్టరీ ఫీల్డుమాన్‌కు వెంటనే తెలిపి, గడువు పొడిగించుమని కోరవలెను.

ఇందుకు ఒక మినహాయింపు కలదు. గాలికి పడిపోయి నీటిలో మునిగిన చెరకు నిలువ ఉండదు. గడ కణుపుల వద్ద వేళ్లు, మొలకలు పుట్టి తీపి తగ్గును. అట్టి చెరకును నీరు తీసిన వెంటనే ముందుగా నరికించవలెను.

పొలమును ముందుగా సిద్ధము చేయుట

బురదలో బండి నడుపు పని నరకుటకు మూడు వారముల ముందే మొదలగును. బరువు నేలలలో నరకుటకు రెండు, మూడు వారముల ముందుగా నీరు పెట్టుట మానవలెను. తేలిక నేలలలో ఇంతకంటె తక్కువ వ్యవధి చాలును. ఇందువలన నేల ఆరుటయే గాక గడలో చక్కెర పాలు కూడ హెచ్చును. మురుగు కాలువలలోని గడ్డిని, పూడికను తీసివేసి, పొలములోని పల్లపు మూలకు దారి చూపవలెను. ప్రక్క రైతు వరి చేని నీరు మీ తోటలోనికి ఊరుచున్నచో గట్టు వెంబడి ఒక మూర లోతున కాలువ తీసిన ఆ నీరు ఆగును.

పుంత నుండి పొలములోనికి బండి దిగు చోటును ముందుగానే ఎంపిక చేయవలెను. అది పొలములో మెరకగా ఉన్న ప్రక్కన ఉండవలెను. గట్టును నిలువుగా తెగగొట్టక, రెండు వైపుల ఏటవాలుగా మట్టి పోసి దిమ్మిస చేయవలెను. నీటి కాలువ అడ్డముగా ఉన్నచో సిమెంటు తూములు వేసి పైన మట్టి కప్పవలెను. తాటి దుంగలు పరచి పని జరిపించుకొనుట కలదు గాని, తడిసిన దుంగ పై చక్రము జారును. దుంగలే వేయవలసి వచ్చినచో వాటిని కదలకుండ కట్టి పైన మట్టి, చెత్త వేయవలెను. దారిపై వ్రేలాడు కరెంటు తీగలు ఉన్నవేమో చూడవలెను. బరువెక్కించిన బండి ఎత్తు తీగల ఎత్తునకు సమీపించునట్లున్నచో ఆ దారిని విడిచిపెట్టవలెను.

నేల బండిని మోయునా? – పరీక్ష

పై మట్టి ఆరినట్లు కనుపించినను లోపల తడి ఉండవచ్చును. కావున చూపును నమ్మరాదు. బండి పోవు దారిలో నాలుగైదు చోట్ల పారతో 6 అంగుళముల లోతు త్రవ్వి, అడుగు మట్టిని గుప్పెడు తీసుకొని పిండవలెను. తరువాత దానిని అరచేతుల మధ్య పెన్సిలు లావున తాడు వలె పేనవలెను. విరుగకుండ తాడు వచ్చినచో ఆ నేల బండికి పనికిరాదు. పేనుచుండగానే పలుకులై విరిగిపోయినచో ఖాళీ ట్రాక్టరును దింపి చూడవచ్చును. ఖాళీ ట్రాక్టరు చక్రము రెండు అంగుళములకు మించి గాడి చేయుచున్నచో బరువు బండిని దింపరాదు. ఇసుక నేలలో మట్టి తాడు రాదు కనుక అచ్చట గాడి లోతే గుర్తు.

ఒకే దారి

తడి పొలములో ప్రతి డ్రైవరు ముందు బండి చేసిన గాడిని తప్పించి ప్రక్క నుండి పోవ జూచును. ఇందువలన పొలమంతయు గట్టిపడును. చక్రము మొదటి సారి పోయినప్పుడే నష్టములో హెచ్చు భాగము జరిగిపోవును. తరువాత అదే గాడిలో ఎన్నిసార్లు పోయినను అదనముగా కలుగు నష్టము స్వల్పము. దీనిని లెక్క వేసి చూడవచ్చును.

ఎకరము పొలమునకు 43,560 చదరపు అడుగులు. పొలము పొడవు సుమారు 210 అడుగులు అనుకొనుడు. రెండు ప్రక్కల చక్రములు ఒక్కొక్కటి అడుగున్నర వెడల్పు నేలను నొక్కినచో ఒకసారి పోయినందుకు 630 చదరపు అడుగులు, అనగా ఇంచుమించు సెంటున్నర భూమి నలిగినది. ఎకరమునకు 30 టన్నుల చెరకు ఉండి, తడసకు 3 టన్నుల చొప్పున 10 తడవలు తోలినచో, అన్ని తడవలును ఒకే దారిలో పోయిన నలిగినది ఆ సెంటున్నరయే. తడవకొక దారిలో పోయినచో నలిగినది పదునాలుగున్నర సెంట్లు. అనగా మీ తోటలో ఏడవ వంతు! సెంటున్నర నేలను వేసవిలో బాగుచేయుట సులభము. ఏడవ వంతు తోటను బాగుచేయుట సులభము కాదు.

కనుక బండి దారికి ఇరుప్రక్కల కొయ్యలు నాటి, డ్రైవరు ఆ దారిని విడిచిపోకుండ చూడవలెను. దారిపై చెరకు చెత్తను మందముగా పరచినచో బరువు విస్తరించి చక్రము తక్కువ దిగును. నరుకుడు కూలీలు గడలను కట్టలు కట్టి ఆ దారి ప్రక్కకు మోసి వేయవలెను. మోతకు కొంత కూలి అధికమగును గాని దుబ్బులు నిలుచును. క్రొత్తగా తోట వేయువారు సాలుకు సాలుకు 5 అడుగుల ఎడము ఉంచినచో, ట్రాక్టరు ఒక వరుసను నడుమ నుంచుకొని చక్రములను కాలువలలోనే నడుపుకొనగలదు. మూడడుగుల సాళ్లలో ఏదో ఒక చక్రము దుబ్బులపై ఎక్కక తప్పదు.

లారీ రోడ్డు మీదనే ఉండవలెను

లారీ టైర్లలో గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 100 పౌనులు, అంతకు మించి ఉండును. ట్రాక్టరు వెనుక టైరులో ఇది 12 నుండి 20 పౌనులు మాత్రమే. అందుచే తడి పొలములో లారీ చక్రము కత్తి వలె దిగును. పొలములో దిగుటకై లారీ టైర్ల గాలి తీయుట ప్రమాదకరము. ఆ బరువుతో అదే గాలితో రోడ్డెక్కినచో టైరు వేడెక్కి ప్రేలును. ఇందుకు మార్గము ఒక్కటే. లారీని గట్టి పుంత మీదనో, రోడ్డు ప్రక్కనో నిలిపి, ట్రాక్టరు ట్రక్కులతో సగము బరువు చొప్పున చెరకును దానికి అందించవలెను. ట్రక్కులో బరువు ఇరుసు మీదుగా సమముగా ఉండవలెను. వెనుక బరువు హెచ్చయినచో ట్రక్కు ముందు భాగము ట్రాక్టరును పైకి లేపును. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రములకు పట్టు తప్పును. వరి దమ్మునకు వాడు ఇనుప చక్రములు బురదలో పట్టు నిచ్చును గాని అవి దుబ్బులను కోయును; వాటితో రోడ్డు ఎక్కరాదు.

చక్కెర దుంప రైతుల అనుభవము

ఈ సమస్య మనకే కాదు. అమెరికాలో మిన్నెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రముల నడుమ రెడ్ నది లోయలో చక్కెర దుంప, అనగా షుగర్ బీట్, విరివిగా పండించెదరు. అచ్చటి నేల పూర్వము ఒక మహా సరస్సు అడుగున పేరుకొన్న బంకమట్టి. దుంప త్రవ్వకము ముఖ్యముగా అక్టోబరులో రాత్రింబగళ్లు సాగును. యంత్రము దుంపలను పెకలించుచుండగా లారీ దాని ప్రక్కనే పొలములో నడుచుచు నింపుకొనును. వాన కురిసినచో లారీలను ట్రాక్టర్లతో లాగించుకొనుచు పని సాగింతురు. మరీ తడిసినచో పని నిలిపివేయుదురు. మంచు గడ్డకట్టు లోపల దుంప తీయకున్న పంట దక్కదు. 2019 శరత్కాలములో వానలు, తొందరగా వచ్చిన మంచు కారణముగా ఆ లోయలో పంటలో పెద్ద భాగము పొలములోనే ఉండిపోయినది.

అచ్చటి రైతులు తడి ఏడు పాటించు పద్ధతులలో మనకు పనికివచ్చునవి మూడు కలవు. లారీలను సగమే నింపుట; వెడల్పు టైర్ల బండ్లతో పంటను పొలము అంచునకు చేర్చి, రోడ్డుపైనున్న లారీకి అందించుట; రోడ్డుపై పడిన బురదను ఎప్పటికప్పుడు తీసివేయుట. మంచు గడువు వారిని తరుమును. మన చెరకునకు ఆ గడువు లేదు. అందుచేత ఒకటి రెండు దినములు నేల ఆరనిచ్చు అవకాశము వారికంటె మనకు హెచ్చు. దానిని వదలుకొనరాదు.

బురదలో నడుపు విధానము

బురదలోనికి దిగకముందే తగిన గేరు వేసికొనవలెను. నడుమ గేరు మార్చినచో బండి ఆగును. ఆగిన బండి దిగబడును. రెండవ గేరులో, ఒకే వేగమున, యాక్సిలేటరును హెచ్చు తగ్గులు చేయక నడుపవలెను. చక్రము తిరుగుచు బండి కదలకున్నచో వెంటనే కాలు తీయవలెను. తిరుగు చక్రము గుంటను లోతు చేయుటయే గాని బండిని కదల్పదు. బరువుతో మలుపు తిప్పరాదు. మలుపులు ఖాళీ బండితోనే తిప్పుకొని, బరువుతో తిన్నగా బయటికి వచ్చునట్లు బండిని నిలుపుకొనవలెను.

ఒక చక్రము గట్టి నేలపై, ఒకటి బురదలో ఉన్నచో బురదలోనిదే గిరగిర తిరుగును. గట్టి నేలపై ఉన్నది ఊరకుండును. డిఫరెన్షియల్ లాక్ ఉన్న ట్రాక్టరులో, చక్రములు ఆగిన తరువాత లాక్ వేసినచో రెండు చక్రములు కలిసి తిరుగును. లాక్ వేసియుండగా మలుపు తిప్పరాదు. గట్టి నేలకు రాగానే లాక్ తీసివేయవలెను.

బండి దిగబడినప్పుడు

ఇచ్చటనే ప్రాణములు పోవుచున్నవి. కనుక ఈ భాగమును మీ ట్రాక్టరు తోలువానికి చదివి వినిపించుడు.

ట్రాక్టరు వెనుక చక్రములు బురదలో బిగిసి, తిరుగుటకు వీలులేకున్నప్పుడు, ఇంజను బలము వృథాగా పోదు. చక్రమును త్రిప్పలేని ఆ బలము ట్రాక్టరు ముందు భాగమును పైకి లేపును. ముందు చక్రములు నేల విడిచిన తరువాత ట్రాక్టరు వెనుకకు తిరుగబడుటకు ఒకటిన్నర సెకను చాలును. మనిషి గ్రహించి క్లచ్ త్రొక్కు లోపల అది అతనిపై పడును. కావున ట్రాక్టరు వెనుక చక్రముల ముందు దుంగలు, రాళ్లు వేసి, లేక చక్రమునకు దుంగను గొలుసుతో కట్టి ముందుకు లాగించరాదు. చేయవలసినది ఇది: ట్రక్కును విప్పివేయవలెను, చక్రముల వెనుక బురదను పారతో తీసి, ట్రాక్టరును వెనుకకు నడిపి బయటికి తీయవలెను. వెనుకకు నడుపునప్పుడు ముందు భాగము లేవదు.

వెనుకకును రాకున్నచో మరియొక ట్రాక్టరుతో లాగించవలెను. లాగు గొలుసును క్రిందనున్న లాగుడు కొక్కెమునకే తగిలించవలెను. ఇరుసుకు గాని, పై లింకుకు గాని, సీటు క్రింది భాగమునకు గాని తగిలించరాదు. గొలుసు ఎంత ఎత్తున ఉన్న ట్రాక్టరు అంత సులభముగా వెనుకకు లేచును. గొలుసు బిగిసిన తరువాతనే మెల్లగా క్లచ్ వదలవలెను. వదులుగా నుంచి ఒక్క కుదుపున లాగరాదు. తెగిన గొలుసు, ఇనుప తాడు కొరడా వలె వెనుకకు కొట్టును. లాగునప్పుడు గొలుసు పొడవునకు ఒకటిన్నర రెట్లు దూరములో ఎవరును నిలువరాదు. ముందు భాగము లేవకుండ మడ్‌గార్డులపైన, బానెట్టుపైన మనుష్యులను కూర్చుండబెట్టు అలవాటు కొన్ని చోట్ల కలదు. దీనిని పూర్తిగా మానవలెను. ట్రాక్టరు తిరుగబడినచో ఒకరికి బదులు నలుగురు పోవుదురు.

లారీ దిగబడినచో ముందుగా బరువు దించవలెను. బరువు దించుటకు పట్టు గంట, బరువుతో లాగించి ఇరుసు విరిచికొనుటకంటె చవుక. తరువాత చక్రముల ముందు బురద తీసి, చెరకు చెత్తను, పలకలను చక్రము క్రిందికి త్రోసి మెల్లగా నడుపవలెను. చక్రము పలకను వెనుకకు విసరును గనుక వెనుక ఎవరును ఉండరాదు. జాకీ పెట్టవలసి వచ్చినచో దాని క్రింద వెడల్పు పలక వేయవలెను. జాకీపై నిలిచిన బండి క్రిందికి మనిషి దూరరాదు.

రోడ్డు ఎక్కిన తరువాత

రోడ్డెక్కకముందు చక్రములకు పట్టిన బురదను పారతో గీసివేయవలెను. తారు రోడ్డుపై పడిన బురద మీద మోటారు సైకిళ్లు జారి పడుచుండును. ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లను జతచేసి బిగించవలెను. పొలములో వలె విడివిడిగా ఉంచినచో రోడ్డుపై బండి ఒక ప్రక్కకు తిరుగును. నీటిలో నుండి వచ్చిన బండి బ్రేకులను కొంత దూరము మెల్లగా నొక్కుచు నడిపి ఆరబెట్టవలెను. ట్రక్కు వెనుక ఎర్రని అద్దపు బిళ్లలు బురద పట్టకుండ తుడిచి, రాత్రివేళ వెనుక దీపము వెలుగునట్లు చూడవలెను. చెరకు మోపులపైన, లాగుడు కొక్కెముపైన కూలీలను, పిల్లలను ఎక్కించుకొనరాదు.

తోలకము ముగిసిన తరువాత

గాడులు పడిన నేలను తడిగా ఉన్నప్పుడే దున్నరాదు. తడిగా దున్నినచో నాగలి అడుగున మరియొక గట్టి పొర ఏర్పడును. కార్శి ఉంచదలచిన తోటలో మోళ్లను నేల మట్టమునకు పదునైన కత్తితో కొట్టించి, నేల పదునుకు వచ్చిన తరువాత బోదెలను పగులదున్ని, నలిగిన దారిలో మట్టిని గుల్ల చేయవలెను. దుబ్బులు చచ్చి రెండడుగులకు మించి ఖాళీలు ఏర్పడిన చోట ఒంటి కన్ను ముచ్చెలతో పెంచిన నారును నాటవలెను. కార్శి తీయని పొలములో, వేసవిలో నేల బాగుగా ఎండిన తరువాత బండి దారిని లోతు నాగలితో పగులగొట్టించవలెను. తడి నేలలో లోతు నాగలి వేసిన డబ్బు వ్యర్థమగును.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. వాన వచ్చినచో ముందు నరకుట ఆపవలెను. ఆ దినము తోలగలిగినంతే నరకవలెను.
2. నరకుటకు రెండు, మూడు వారముల ముందు నీరు నిలిపి, మురుగు కాలువలు బాగుచేయవలెను.
3. 6 అంగుళముల లోతు మట్టి తాడు వలె పేనుకొనుచున్నంతకాలము బరువు బండిని దింపరాదు.
4. పొలములో ఒకే దారి. లారీ రోడ్డు మీదనే ఉండవలెను. ట్రక్కులను సగమే నింపవలెను.
5. దిగబడిన ట్రాక్టరు చక్రముల ముందు దుంగ వేయరాదు. ట్రక్కు విప్పి వెనుకకు తీయవలెను.
6. లాగు గొలుసు ఎల్లప్పుడు క్రింది కొక్కెమునకే తగిలించవలెను. దాని దగ్గర ఎవరును నిలువరాదు.

ఒక దినము ఆలస్యమయినందున మీ నిలిచిన చెరకునకు కలుగు నష్టము కొద్దిపాటిది. బురదలో తొందరపడినందున కలుగు నష్టము మరుసటి ఏటి కార్శి వరకు వెంటాడును. తోట గట్టున నిలిచి ఒక గుప్పెడు మట్టి పేని చూచి, ఆ పిదపనే బండిని పిలువుడు.